కౌన్సెలింగ్ గ్రూపుకి ఒక్క లీడరా, ఇద్దరా? ఫలితాన్ని ఎలా కొలిస్తే మేలు?

ఎనిమిది మంది సభ్యులు, వారానికోసారి గంటన్నర, పది వారాలు. పెద్దల కౌన్సెలింగ్ గ్రూపుల్లో తరచుగా కనిపించే లెక్క ఇది. దీన్ని ఒక్కరు నడపొచ్చు, ఇద్దరు కలిసీ నడపొచ్చు. ఇద్దరుంటే మంచిదేగా అని చాలామంది వెంటనే అనేస్తారు. మంచిదే, కానీ ఒక షరతు ఉంది. సెషన్‌కి ముందూ వెనకా ఇద్దరూ కూర్చుని మాట్లాడుకునే తీరిక ఉండాలి. అది లేనప్పుడు ఒక్కరు నడపడమే నయం.

ముందు ఖర్చు చూద్దాం. ఒక్కరైతే సెషన్‌కి గంటన్నర, నోట్సు రాసుకోవడానికి అరగంట, మొత్తం రెండు గంటలు. ఇద్దరైతే సెషన్‌కి ముందు పావుగంట, అయ్యాక అరగంట కలిసి కూర్చోవాలి. అంటే ఒక్కొక్కరికి రెండుంపావు గంటలు, ఇద్దరికీ కలిపి నాలుగున్నర. పది వారాల మీద ఇరవై గంటలు కాస్తా నలభై అయిదవుతాయి. పనివేళల పట్టికలో సెషన్ గంటన్నర మాత్రమే రాసి, ఆ ముప్పావుగంటను వదిలేయడం మామూలు. ఇద్దరి ఏర్పాటు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

ఇద్దరుంటే వచ్చే లాభం

ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు చూస్తారు. అసలు లాభం ఇదే. ఒక సభ్యురాలు ఏడుస్తున్నప్పుడు లీడర్ దృష్టంతా ఆమె మీదే ఉంటుంది. అదే నిమిషంలో ఎదురు వరసలో ఒకాయన కుర్చీ వెనక్కి జరుపుకుని తలుపు వైపు చూస్తుంటాడు. ఒంటరి లీడర్‌కి అది కనబడదు, కనబడినా ఏడుస్తున్న మనిషిని వదిలి అటు తిరగలేడు. ఎవరైనా లేచి బయటికి వెళ్లిపోతే సంగతి మరీ కష్టం. ఒక్కరే ఉంటే వెళ్లిన మనిషి వెంట పోవాలో, మిగిలిన ఏడుగురి దగ్గర ఉండాలో తేల్చుకోవాలి. ఇద్దరుంటే ఎవరు వెళ్లాలో ముందే అనుకుని ఉంచుకోవచ్చు.

ఒంటరి లీడర్‌కీ బలాలున్నాయి. దారి ఒకటే ఉంటుంది, నిర్ణయం వెంటనే పడుతుంది, ఎవరిని అడగాలో సభ్యులకు తెలుస్తుంది. నిద్ర అలవాట్లు, కోపం అదుపు లాంటి అంశాల మీద ముందే రాసుకున్న పాఠం ప్రకారం సాగే గ్రూపుకి ఒక్కరు చాలు. అయిదారుగురు పెద్దలున్న గ్రూపుకీ చాలు. నలుగురు సభ్యులకు ఇద్దరు లీడర్లంటే గదిలో ప్రతి ముగ్గురిలో ఒకరు లీడరే, సభ్యులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మానేస్తారు. పిల్లల గ్రూపు మాత్రం చిన్నదైనా ఇద్దరు ఉండడమే మంచిది. మధ్యలో లేచి పరిగెత్తేవాళ్లు, బాత్రూమ్‌కి వెళ్లేవాళ్లు, గొడవపడేవాళ్లు ఉంటారు కదా.

ఇద్దరిలోనూ మూడు రకాలు

మొదటిది వంతులవారీ. ఈ వారం ఒకరు, వచ్చే వారం ఇంకొకరు. సమయం మిగులుతుందని దీన్ని ఎంచుకుంటారు. మూడింటిలో ఇదే నాసిరకం. ఒకరి వారంలో బయటికొచ్చిన విషయాన్ని మరొకరి వారంలో అందుకునేవాళ్లుండరు. కొన్నాళ్లకు సభ్యులే సర్దుకుంటారు, తమకు నచ్చిన లీడర్ వంతు వచ్చేదాకా అసలు విషయం దాచిపెడతారు. ఇది ఇద్దరు నడిపే గ్రూపు కాదు, సగం సగం నడిచే రెండు గ్రూపులు.

రెండోది సీనియర్, శిక్షణలో ఉన్న జూనియర్. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. కానీ మొదటి మూడు సెషన్లు జూనియర్ నోరు విప్పకపోతే సభ్యుల కళ్లకు నోట్సు రాసుకునే మనిషిగా స్థిరపడిపోతారు, ఆ తర్వాత మాట్లాడినా బరువుండదు. మొదటి సెషన్ నుంచే చిన్నదైనా సొంత పని ఒకటి అప్పగించాలి. మొదటి రెండు వారాలు చివరి పది నిమిషాల ముగింపు, తర్వాత రెండు వారాలు ఆరంభ పలకరింపు, అయిదో వారం నుంచి మధ్యభాగంలో సమాన వాటా. ఎవరు సీనియరో ఎవరు నేర్చుకుంటున్నారో సభ్యులకు మొదటి రోజే చెప్పేయాలి. వాళ్లు ఎలాగూ పది నిమిషాల్లో కనిపెట్టేస్తారు. ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ సీనియరే జూనియర్‌కి మార్కులు వేసే సూపర్‌వైజర్ అయితే ‘మీరు అక్కడ తొందరపడ్డారు’ అనే మాట జూనియర్ నోట ఎప్పటికీ రాదు. మార్కులు వేసే పని మూడో మనిషికి ఇవ్వడం ఉత్తమం.

మూడోది సమాన హోదా. ఫలితంలో ఇదే మేలు, నిలబెట్టుకోవడమే కష్టం. జోడీ కుదుర్చుకునే ముందే కొన్ని ప్రశ్నలకు జవాబులు విడివిడిగా రాసి సరిచూసుకోవాలి. గదిలో నిమిషం పాటు మౌనం ఉంటే ఏం చేస్తారు? ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాళ్లను లోపలికి రానిస్తారా? సభ్యులు సెషన్ బయట ఫోన్ చేస్తే తీస్తారా? సొంత జీవితం గురించి ఎంతవరకు చెబుతారు? జవాబులు కలవక్కర్లేదు, ఎక్కడ కలవవో తెలిస్తే చాలు. అన్నిటికీ ఒకే జవాబు రాసిన జోడీని కొంచెం అనుమానించాలి, ఎందుకంటే ఒకరికి కనబడనిది ఇంకొకరికీ కనబడదు.

పని పంచుకోవడానికి ఒక మంచి కొలబద్ద ఉంది. లీబర్మన్, యాలమ్, మైల్స్ అనే ముగ్గురు పరిశోధకులు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థుల ‘ఎన్‌కౌంటర్’ గ్రూపులను (మనసులో మాట దాచుకోకుండా ఒకరితో ఒకరు చెప్పుకునే గ్రూపులను) గమనించి 1973లో వెలువరించిన అధ్యయనంలో లీడర్ చేసే పనులను నాలుగుగా విడదీశారు. అవి భావాలను కదిలించడం, ఆదరణ చూపడం, జరిగినదానికి అర్థం అందించడం, నియమాలూ సమయమూ చూసుకునే నిర్వహణ. ఆదరణ, అర్థం అందించడం పెరిగేకొద్దీ ఫలితం మెరుగైంది. కదిలించడం, నిర్వహణ మాత్రం మరీ తక్కువైనా మరీ ఎక్కువైనా నష్టమే. అందుకని మొదటి రెండూ ఇద్దరూ చేయాలి, మిగతా రెండూ పంచుకోవాలి. ఒకరు ఎప్పుడూ లాలించేవాళ్లుగా, ఇంకొకరు ఎప్పుడూ నిలదీసేవాళ్లుగా బిగుసుకుపోతే సభ్యులు ఒకరి వెనక దాక్కుని మరొకరిని తప్పించుకుంటారు.

ఎక్కడ చెడుతుంది

లీడర్లిద్దరూ పక్కపక్కన కూర్చోకూడదు. పక్కనున్న మనిషి ముఖం సరిగా కనబడదు, సభ్యులకేమో అదొక వేదికలా అనిపిస్తుంది. వలయంలో ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి పక్కనున్న సభ్యులు ఇంకొకరి చూపులో ఉంటారు, కనుసైగతో సంప్రదించుకోవడమూ కుదురుతుంది.

రెండో పొరపాటు వెంటవెంటనే మాట్లాడడం. ఒక లీడర్ ఒక మాట అనగానే రెండో లీడర్ దానికి ఇంకో మాట తగిలిస్తారు. తోడు నిలవాలనే చేస్తారు గానీ, సభ్యులకు అందాల్సిన చోటు పోతుంది. ఒక లీడర్ మాట్లాడాక కనీసం ఇద్దరు సభ్యులు మాట్లాడేదాకా రెండో లీడర్ ఆగాలి. సభ్యులను పక్కనబెట్టి మాట సాగుతున్నప్పుడు, ఎవరికైనా దెబ్బ తగులుతున్నప్పుడు మాత్రం ఈ నియమం వర్తించదు.

మూడోది లీడర్లిద్దరినీ చీల్చడం. ‘మీకు అర్థమవుతుంది, ఆయనకే అర్థం కాదు’ అని ఒక సభ్యుడు గుమ్మం దగ్గర ఒక లీడర్‌తో అంటాడు. వినడానికి తియ్యగానే ఉంటుంది. ఒకరికి చెప్పింది ఇద్దరికీ తెలుస్తుందని గ్రూపు మొదలవకముందే ప్రతి సభ్యుడికీ చెప్పి ఉంచితే, ఆ మాటను మరుసటి సెషన్‌లో గ్రూపు మధ్యకు తేవచ్చు. చెప్పి ఉండకపోతే తెచ్చినా చాడీ అవుతుంది, తేకపోతే రహస్యం అవుతుంది.

గ్రూపు ముందు లీడర్లు విభేదించవచ్చా? మొదటి మూడు నాలుగు సెషన్లలో వద్దు, అప్పటికి సభ్యులకు నేల గట్టిపడి ఉండదు. ఆ తర్వాత చిన్న విభేదం బయటపడి, అదే సెషన్‌లో తేలిపోతే మేలే చేస్తుంది. తేలకుండా సెషన్ ముగిస్తే మాత్రం వారమంతా సభ్యులు దాన్ని మోసుకు తిరుగుతారు.

కొలిచే పద్ధతుల్లో ఏది మేలు?

లీడర్ అంచనా మీద ఆధారపడడం అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా బలహీనం. పైన చెప్పిన 1973 అధ్యయనంలోనే, గ్రూపు వల్ల దెబ్బతిన్నవాళ్లెవరో గుర్తించడంలో లీడర్లు తడబడ్డారు, తోటి సభ్యులు బాగా గుర్తించారు. కాబట్టి సభ్యులను అడగాల్సిందే. ఎప్పుడు, ఎలా అన్నదే తేల్చుకోవాలి.

చివరి రోజు ఇచ్చే సంతృప్తి ఫారం గురించి ఎక్కువ మాట్లాడాల్సిన పని లేదు. మానేసినవాళ్లు దాన్ని నింపరు, ఉన్నవాళ్లు వీడ్కోలు మూడ్‌లో నింపుతారు. ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది ఎన్నో సెషన్‌లో ఆగిపోయారు అన్న లెక్క దానికన్నా ఎక్కువ చెబుతుంది.

ఫలితం తెలియాలంటే గ్రూపుకి ముందూ వెనకా లక్షణాలు కొలవడం తప్పనిసరి. డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిని తీసుకుంటే, తొమ్మిది ప్రశ్నలు, 0 నుంచి 27 దాకా స్కోరు, అయిదు పాయింట్ల మార్పును చెప్పుకోదగ్గదిగా చూస్తారు. అది గత రెండు వారాల గురించి అడుగుతుంది కాబట్టి వారం వారం ఇవ్వడంలో అర్థం లేదు. మొదట, మధ్యలో, చివర ఇస్తే చాలు. సగటు చూసి మురిసిపోవడమే ఇక్కడ తరచూ జరిగే తప్పు. ఎనిమిది మందిలో ఆరుగురికి అయిదేసి పాయింట్లు తగ్గి, ఒకరు అక్కడే ఉండి, ఒకరికి ఆరు పెరిగితే సగటున మూడు తగ్గినట్టు వస్తుంది. ఆ పెరిగిన ఒక్కరూ సగటులో మాయమవుతారు. చిన్న గ్రూపులో సగటు వేయకుండా మనిషి వారీగా చదవాలి. పైగా బాధ బాగా ముదిరినప్పుడే మనుషులు సహాయం కోసం వస్తారు గనక, గ్రూపు లేకున్నా కొంత తగ్గేదే. తగ్గిందంతా గ్రూపు ఖాతాలో వేయకూడదు.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చావు గురించీ తనను తాను గాయపరచుకోవడం గురించీ అడుగుతుంది. అందుకే ఆ ఫారం పేరు లేకుండా తీసుకోకూడదు, ఇంటికి తీసుకెళ్లి తర్వాత చూసుకుందాం అనుకోకూడదు. అక్కడ సున్నా కాకుండా ఏది ఉన్నా, ఆ మనిషి గది దాటకముందే విడిగా మాట్లాడాలి. ఇద్దరున్నచోట ఒకరు ఆరంభ పలకరింపు నడిపిస్తుంటే మరొకరు ఫారాలు చూసేస్తారు. ఒంటరి లీడర్ సెషన్‌కి పావుగంట ముందే సభ్యులను రమ్మని నింపించుకోవాలి.

ప్రతి సెషన్ చివర రెండు నిమిషాల కొలత మరో దారి. గ్రూప్ సెషన్ రేటింగ్ స్కేల్ అనే ఫారంలో సభ్యులు గీటు పెట్టే పది సెంటీమీటర్ల గీతలు నాలుగు ఉంటాయి: సంబంధం, లక్ష్యాలు, పద్ధతి, మొత్తంగా. మొత్తం 40. 36 కన్నా తగ్గితే, ఏం లోటుందో ఆ సభ్యుడిని అడగాలన్న సంకేతంగా దాన్ని తీసుకుంటారు. నాలుగు గీతల్లోనూ చివరి అంచునే గీటు పెట్టేవాళ్లుంటారు. ‘పూర్తి మార్కులు మాకు పనికిరావు, ఏం తగ్గిందో కావాలి’ అని మొదటి వారమే చెప్పాలి. దీనికి తోడు రాయ్ మెకెంజీ రూపొందించిన గ్రూప్ క్లైమేట్ ప్రశ్నావళి పన్నెండు వాక్యాలతో పాల్గొనడాన్నీ, తప్పించుకోవడాన్నీ, ఘర్షణనూ విడివిడిగా చూపుతుంది. రెండు, అయిదు, ఎనిమిది వారాల్లో ఇస్తే సరిపోతుంది. అయిదో వారంలో ఘర్షణ స్కోరు పెరిగిందని కంగారు పడక్కర్లేదు. మనస్తత్వవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లోనే గ్రూపు ఎదుగుదలలో ఘర్షణ దశను గుర్తించారు. ఘర్షణ అసలు లేకుండా తప్పించుకోవడం మాత్రం ఎక్కువగా ఉంటే దాన్ని పట్టించుకోవాలి.

ముందూ వెనకా కొలత ఫలితం చెబుతుంది, కానీ ఆలస్యంగా. సెషన్ కొలత ఫలితం చెప్పదు, కానీ వచ్చే వారానికి పనికొస్తుంది. ఒక్కటే చేయగలిగితే? సెషన్ కొలతే, మరుసటి సెషన్‌లోపు చదివేటట్టయితే. చదవని ఫారాల కట్ట కన్నా ఫారాలే లేకపోవడం నయం, చదవలేదని సభ్యులకు తెలిసిపోతుంది.

ఇద్దరు లీడర్లున్నచోట ఈ కొలతకు ఇంకో ఉపయోగం ఉంది. ఫారాలు తెరవకముందే ప్రతి సభ్యుడూ ఎంత వేసి ఉంటాడో లీడర్లిద్దరూ విడివిడిగా రాయాలి. ఇద్దరి అంచనాలూ ఎక్కడ ఎక్కువ తేడా పడ్డాయో, సెషన్ తర్వాతి అరగంట అక్కడ మొదలవ్వాలి. అసలు వేసినదానికన్నా ఇద్దరూ ఎక్కువ అంచనా వేసిన సభ్యుడు ఎవరూ చూడని మనిషి, వచ్చే వారం ముందు పావుగంట అతని కోసం.

లీడర్ల పనితీరును కొలవడానికి, ఒకరికొకరు చెప్పుకునే అభిప్రాయం కన్నా రికార్డింగ్ మేలు, సభ్యులందరి రాతపూర్వక అంగీకారం ఉంటేనే. గంటన్నరా చూడనక్కర్లేదు, మధ్యలోంచి పది నిమిషాలు చాలు. కాగితం మీద వలయం గీసి, ఎవరి మాట ఎవరికి వెళ్లిందో బాణాలు వేయండి. బాణాలన్నీ లీడర్ల దగ్గరికే వచ్చి లీడర్ల నుంచే వెళ్తుంటే అక్కడ జరుగుతున్నది గ్రూపు కౌన్సెలింగ్ కాదు, ఎనిమిది మంది ముందు వంతులవారీగా సాగే వ్యక్తిగత కౌన్సెలింగ్.

జోడీ మధ్యలో విడిపోవాల్సి వస్తే, కుదిరితే కనీసం రెండు సెషన్ల ముందు సభ్యులకు చెప్పాలి. పది వారాల గ్రూపులో ఏడో వారం దాటాక కొత్త లీడర్‌ను తేవద్దు, మిగిలిన ఒక్కరే ముగించాలి. వెళ్లేవాళ్లు వీడ్కోలు సెషన్‌కి రావాలి. రాలేకపోతే కారణాన్ని మిగిలిన లీడర్ ఊహించి చెప్పకుండా, ఇద్దరూ కలిసి ముందే రాసుకున్న రెండు వాక్యాలు చదవాలి.