తీరం దారిలో ‘చీరాల చేనేత’ అని అమ్మే గుడ్డతో జాగ్రత్త

వేసవి సెలవులకు సముద్రతీరానికి వెళ్ళి, అక్కడి తీరికలో ఇంటి కుట్టుపనులు పూర్తి చేసుకోవాలనుకునే వారందరికీ ఈ హెచ్చరిక. చీరాల దగ్గర వాడరేవు, రామాపురం తీరాలకు వెళ్ళే దారిలో సెలవుల రద్దీ చూసి వేసే తాత్కాలిక గుడారాల్లో ‘చీరాల చేనేత, అచ్చ నూలు’ అని చెప్పి అమ్మే మీటరు గుడ్డను పరీక్షించకుండా కొనకండి. కొన్నా సరే, తడిపి ఆరబెట్టి చూడనిదే కత్తెర పెట్టకండి. ఈ వేసవిలో అలాంటి ఒక గుడారంలో నేను కొన్న గుడ్డ నూలూ కాదు, చెప్పిన పన్నా (వెడల్పు) లేదు, రంగూ నిలవలేదు.

సెలవులకు వెళ్ళేటప్పుడు చేతి మిషనునూ, ఏడాది పొడవునా సగంలో ఆగిపోయిన కుట్లనూ వెంట తీసుకెళ్ళడం మా ఇంట్లో ఆనవాయితీ. ఈసారి పిల్లల పరికిణీలు, దిండు గలీబులు, ఒక బొంత పైపొర మిగిలి ఉండగా, వాటికి కావలసిన గుడ్డ అక్కడే కొన్నాను. జాండ్రపేట, వేటపాలెం వంటి నేత ఊళ్ళు ఆ తీరానికి దగ్గరలోనే ఉన్నందువల్ల అక్కడ దొరికే గుడ్డ మగ్గం మీద నుంచి నేరుగా వచ్చిందని ఎవరైనా నమ్ముతారు. తరతరాలుగా ఆ ఊళ్ళ నేతగాళ్ళు సంపాదించుకున్న పేరును వాడుకుని, ఎక్కడిదో మరమగ్గం గుడ్డను అమ్ముకోవడం నాకు అన్నిటికంటే బాధ కలిగించిన విషయం.

కొలతలోనే తేడా మొదలైంది. ప్రభుత్వ ముద్ర ఉన్న ఇనుప మీటరు బద్దతో కాకుండా, బల్ల అంచున గీసుకున్న గీతల మీద గుడ్డను రెండు చేతులా లాగి బిగించి కొలిచారు. ఇంటికి తెచ్చి బల్ల మీద వదులుగా పరిచి టేపు పెడితే ప్రతి ముక్కా పొడవులో తగ్గింది. 46 అంగుళాల పన్నా అని చెప్పినది 42 అంగుళాలే ఉంది. పరికిణీ కుచ్చిళ్ళకు నాలుగు అంగుళాలు తక్కువైతే ఎంత ఇబ్బందో కుట్టేవారికి వేరే చెప్పనక్కరలేదు. ముదురు నీలం గుడ్డను విడిగా బకెట్‌లో నానబెడితే నీళ్ళు సిరాలాగా మారాయి. అప్పటికే దానికి తెల్లటి అంచు వేసి పూర్తి చేసిన గలీబును తడిపితే, కుట్టు వెంబడే నీలిచారలు తెల్లగుడ్డలోకి పాకాయి. అవి ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.

నూలు కాదని ఇస్త్రీ దగ్గర స్పష్టంగా తెలిసింది. నూలుకు పెట్టే వేడిలో ఇస్త్రీపెట్టె ఆనించగానే గుడ్డ ముడుచుకుని, అక్కడ మెరుపుగా నిగనిగలాడే మచ్చ పడింది. పడుగు (నిలువు) పోగు ఒకటి, పేక (అడ్డ) పోగు ఒకటి లాగి, పళ్ళెంలో పెట్టి వేరువేరుగా కాల్చి చూశాను. అచ్చ నూలు పోగు కాగితం కాలిన వాసన వేస్తూ మెత్తని బూడిదవుతుంది. ఈ గుడ్డలో పేక పోగు కరిగి, గోటితో నొక్కినా నలగని నల్లటి పూసలా గడ్డకట్టింది. అది పాలియెస్టర్ లక్షణం. పడుగు, పేక రెండింటినీ విడివిడిగా చూడాలని చెప్పడం ఇందుకే, ఒకవైపు పోగే చూస్తే మోసం బయటపడకపోవచ్చు.

రంగు గురించి కొనేటప్పుడే అడిగితే, గుప్పెడు ఉప్పు వేసిన నీళ్ళలో ఒక రాత్రి నానబెడితే నిలిచిపోతుందని చెప్పారు. ఈ మాట చాలామంది నమ్ముతారు కాబట్టి వివరంగా చెబుతున్నాను. అద్దకం తొట్టిలో కొన్ని రకాల రంగులు నూలుకు పట్టడానికి ఉప్పు తోడ్పడుతుంది గాని, సరిగా పట్టకుండా పైపైన మిగిలిపోయిన రంగును ఇంటి బకెట్‌లోని ఉప్పు నిలపలేదు. తెల్లటి చేతిరుమాలును తడిపి గుడ్డ మీద గట్టిగా రుద్దితే దుకాణంలోనే నిజం తెలుస్తుంది. రుద్దనివ్వకపోతే అక్కడ కొనవద్దు.

తిరిగి ఇద్దామని వెళ్ళేసరికి గుడారం ఎత్తేశారు. వాళ్ళిచ్చిన కాగితం మీద ‘ఎస్టిమేట్’ అనే మాట, ఒక ఫోను నంబరు, మొత్తం సొమ్ము తప్ప దుకాణం చిరునామా గాని, జీఎస్‌టీ సంఖ్య గాని లేవు. ఆ ఫోను పలకడం లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని సొమ్ము ఇవ్వడానికి నిరాకరించడమూ అంతే. కాబట్టి ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు చూసి ఎవరూ వెనక్కి తగ్గనక్కరలేదు. కాని అమ్మినవాడెవరో తెలియజెప్పే కాగితం చేతిలో లేకపోతే ఈ హక్కును వాడుకోవడం చాలా కష్టం.

చూపుతోనో, చేతి స్పర్శతోనో చేనేతకూ మరమగ్గానికీ తేడా పట్టడం అనుభవం లేనివారికి సాధ్యం కాదు. చేతిమగ్గం మీద నేసిన గుడ్డేనని తెలిపే చేనేత మార్కును 2006లో కేంద్ర ప్రభుత్వం ప్రవేశపెట్టింది అందుకే. ఆ చీటీ ఉందో లేదో అడగండి. రాష్ట్ర చేనేత సహకార సంస్థ ఆప్కో దుకాణంలోనో, ఊళ్ళోని నేత సహకార సంఘంలోనో కొంటే బిల్లు వస్తుంది, ఆ తర్వాత అడగడానికి ఒక చిరునామా ఉంటుంది. సెలవుల మొదట్లోనే కొని, అరమీటరు ముక్కను ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి చూసి, ఆ తర్వాతే మిగతాది కత్తిరించండి. సెలవుల చివర్లో కొంటే, లోపం బయటపడే నాటికి మీరూ తిరిగి వెళ్ళిపోయి ఉంటారు, గుడారమూ ఉండదు. సముద్రపు గాలికి సూదులు, గుండుసూదులు త్వరగా తుప్పు పడతాయి కనుక, వాటిని కొత్త గుడ్డకు గుచ్చి రాత్రంతా వదిలేయకండి. ఆ మచ్చను గుడ్డ లోపమనుకుంటే అసలు ఫిర్యాదు బలహీనపడుతుంది.

ఇప్పటికే మోసపోయినవారు మిగిలిన ముక్కలను, రంగు దిగిన బట్టను, ఇచ్చిన చీటీని, ఫోనులో చెల్లించి ఉంటే ఆ వివరాన్ని పారేయకుండా దాచండి. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915 నంబరుకు తెలుగులోనే చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలంటే రెండేళ్ళ గడువు ఉంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపయితే ఫిర్యాదు రుసుము కూడా ఉండదు. కొలతలో మోసానికి తూనికలు, కొలతల శాఖకు విడిగా రాయవచ్చు. నేనూ ఫిర్యాదు చేశాను. అదే దారిలో గుడ్డ కొన్నవారు ఎవరైనా ఉంటే, మీ చీటీ మీద ఉన్న ఫోను నంబరును మీ ఫిర్యాదులో తప్పకుండా చేర్చండి. ఒకే నంబరు మీద పలువురు ఫిర్యాదు చేస్తే ఆ అమ్మకందారును గుర్తించడం అధికారులకు తేలికవుతుంది.