బీ.ఆర్క్ పనికి రైజెన్ 5 7600, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ: రెండేళ్లు దాటాక

రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉన్న ఈ సిస్టమ్ మీద రెండేళ్లకు పైగా ఆర్కిటెక్చర్ స్టూడియో పనే నడుస్తోంది: డ్రాయింగులు, మోడళ్లకు రెవిట్, ఆటోక్యాడ్, స్కెచప్, రెండర్‌కు (మోడల్‌ని ఫోటోలాంటి బొమ్మగా మార్చడానికి) ఎన్‌స్కేప్, బ్లెండర్, చివర్లో షీట్ల కోసం ఫోటోషాప్. మొదటిసారి సొంతంగా అసెంబుల్ చేసుకునే విద్యార్థులు పార్టుల వేగాన్నే పోల్చుకుంటూ కూర్చుంటారు. ముందు చూడాల్సింది మెమరీ. ప్రాసెసర్ కాస్త నెమ్మదిదైతే రెండర్‌కు ఇంకో పావుగంట పడుతుంది, అంతే. గ్రాఫిక్స్ కార్డులో మెమరీ చాలకపోతే జ్యూరీ (ప్రాజెక్టు మూల్యాంకనం) ముందురోజు రాత్రి రెండర్ అసలు పూర్తికాదు.

అందుకే 3060 12 జీబీని ఇప్పటికీ సమర్థిస్తాను. దాని తర్వాత వచ్చిన 4060 వేగంలో మెరుగు, కరెంటు కూడా 170 వాట్లకు బదులు 115 వాట్లే తీసుకుంటుంది. కానీ దానికున్నది 8 జీబీ. ఒక సైట్ మోడల్‌లో గడ్డి, చెట్లు, 4కే టెక్స్చర్లు, డౌన్‌లోడ్ చేసిన ఫర్నిచర్ పడ్డాయంటే 8 జీబీ ఇట్టే నిండుతుంది. అప్పుడు బ్లెండర్‌లోని రెండర్ ఇంజిన్ సైకిల్స్‌లో మెమరీ చాలలేదన్న మెసేజ్‌తో రెండర్ ఆగిపోతుంది, లేదా మామూలు ర్యామ్ వాడుకుంటూ నత్తనడక నడుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి, గ్రాఫిక్స్ కార్డు కింద డెడికేటెడ్ మెమరీ గ్రాఫ్ చూస్తే విషయం తేలిపోతుంది. రెండర్ పెట్టేముందు బ్రౌజర్, ఫోటోషాప్ మూసేయండి. అవీ అందులోంచే తీసుకుంటాయి. 3060 పేరుతోనే 8 జీబీ కార్డు కూడా ఉంది, దాని బస్ (మెమరీకి డేటా వెళ్లే దారి) 192 బిట్ కాదు, 128 బిట్. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకు నేను చెప్పేది 5060 టీఐ 16 జీబీ. అందులోనూ అదే పేరుతో 8 జీబీది వచ్చింది కాబట్టి బిల్లు మీద ఎన్ని జీబీయో రాయించుకోండి.

ప్రాసెసర్ దగ్గర అంత ఆలోచన అక్కర్లేదు. రెవిట్, ఆటోక్యాడ్, స్కెచప్ చాలావరకు ఒకే కోర్ మీద పనిచేస్తాయి. 5.1 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లే ఆరు కోర్ల 7600 వాటికి హాయిగా సరిపోతోంది. కరోనా లాంటి, ప్రాసెసర్ మీదే రెండర్ చేసే సాఫ్ట్‌వేర్ వాడితేనే 8, 12 కోర్లకు డబ్బు పెట్టండి. పెట్టెలో వచ్చే కూలర్‌తో పని గడుస్తుంది గానీ, మే నెలలో ఏసీ లేని గదిలో పెద్ద రెండర్ పెడితే ఫ్యాన్ హోరు ఎక్కువే. ఒక ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ చాలు. 7600లోనే చిన్న గ్రాఫిక్స్ ఉండటం వల్ల ఒక చిక్కుంది. మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకు పెట్టినా బొమ్మ వచ్చేస్తుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. తీరా ఎన్‌స్కేప్ తెరిచాక తడబాటు మొదలవుతుంది. కేబుల్ ఎప్పుడూ గ్రాఫిక్స్ కార్డు పోర్టుకే పెట్టాలి.

ర్యామ్ 32 జీబీ, 16 చొప్పున రెండు స్టిక్కులు, డీడీఆర్5 రకం, వేగం 6000. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో, నాలుగో స్లాటులో పెట్టాలి. బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల మెనూ) ఎక్స్‌పో (ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్) ఆన్ చేయకపోతే చాలా కిట్లు 4800 దగ్గరే ఉండిపోతాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ కొన్ని నిమిషాలు నల్లగానే ఉంటుంది. బోర్డు ర్యామ్‌ను పరీక్షించుకుంటోందన్నమాట, కంగారుపడి పవర్ ఆపొద్దు. తర్వాత ఇంకో రెండు స్టిక్కులు చేర్చుకుందాం అనుకోకండి: 7600 కూర్చునే ఏఎం5 సాకెట్ బోర్డుల్లో నాలుగు స్టిక్కులకు అధికారిక వేగం 3600 మాత్రమే. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. చేతిలో డబ్బు చాలకపోతే 8 జీబీవి రెండు కాకుండా 16 జీబీది ఒకటే కొని, అదే మోడల్‌ది తర్వాత ఇంకొకటి వేసుకోండి. అప్పటిదాకా వేగం కొంత తగ్గినా, కొన్నది వృథా కాదు.

ఎస్‌ఎంపీఎస్ (పార్టులకు కరెంటు అందించే పెట్టె) విషయంలో నేను గట్టిగానే చెబుతాను. క్యాబినెట్‌తో పాటు ఇచ్చేది తీసుకోవద్దు. ఈ జోడీకి పేరున్న 550 వాట్లది చాలు, ముందుముందు కార్డు మార్చే ఆలోచన ఉంటే 650. ప్రాసెసర్ కేబుల్, గ్రాఫిక్స్ కార్డు కేబుల్ రెండూ 8 పిన్లవే అయినా ఒకటి కావు: మొదటిది 4+4గా విడిపోతుంది, రెండోది 6+2గా. కేబుళ్లు ఊడదీయగలిగే మాడ్యులర్ రకం అయితే ఇంకో కంపెనీ కేబుళ్లు కలపకండి. పిన్ల అమరిక వేరు, ఎస్‌ఎస్‌డీ కాలిపోవచ్చు. కరెంటు పోయినప్పుడు రెవిట్ సేవ్ మధ్యలో ఉంటే ఫైలే పాడవ్వొచ్చు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లు, రెండర్ నడుస్తుండగా మానిటర్‌తో కలిపితే అది అంచుకు వస్తుంది. 1000 వీఏ తీసుకుంటే నిశ్చింత.

బిగించేటప్పుడు అసలు భయం సాకెట్ దగ్గరే. ఏఎం5లో పిన్లు ప్రాసెసర్‌కు కాదు, మదర్‌బోర్డుకు ఉంటాయి. సాకెట్ మీది ప్లాస్టిక్ మూతను ముందే పీకొద్దు; ప్రాసెసర్ పెట్టి లివర్ దించితే అదే ఊడి వస్తుంది. టవర్ కూలర్ అడుగున అంటించిన పారదర్శక స్టిక్కర్ తీయడం మరిచిపోతే ప్రాసెసర్ క్షణాల్లో 95 డిగ్రీలకు చేరుతుంది.

ఇన్నాళ్లలో ముందుగా నిండింది మాత్రం ఎస్‌ఎస్‌డీ. 500 జీబీ ఏ మూలకూ రాదు, 1 టీబీ నుంచే మొదలుపెట్టండి, అందులో 15 శాతం ఖాళీగా ఉంచండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ప్రతి పార్టు సీరియల్ నంబరూ బిల్లులో ఉందో లేదో చూసుకోండి. ఎస్‌ఎంపీఎస్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ వారంటీలు దేనికదే, సర్వీస్ సెంటర్లో మొదట అడిగేది ఆ నంబరే.