పళ్ళు జివ్వుమంటున్నాయని వెళ్తే క్యాపులంటారు, అరగదీయించుకునే ముందు ఇది చదవండి

నాకు కింద దవడ పళ్ళు నాలుగు, చిగురు దగ్గర గాడి పడినట్టు అరిగిపోయాయి. ఏళ్ల తరబడి గట్టి బ్రష్‌తో అడ్డంగా రుద్దిన పుణ్యం, చల్లనీళ్ళు తగిలితే ప్రాణం పోయేది. కూకట్‌పల్లిలో ఒక క్లినిక్‌కి వెళ్తే ఎక్స్‌రే కూడా తియ్యకుండా నాలుగింటికీ జిర్కోనియా క్యాపులు (పన్నుని చుట్టూ అరగదీసి పైన తొడిగే గట్టి తెల్ల తొడుగులు) వెయ్యాల్సిందే, లేట్ చేస్తే పళ్ళు ఊడిపోతాయమ్మా, ఆఫర్ ఈరోజు వరకే అన్నారు, నేను భయపడిపోయి అక్కడే 20 వేలు అడ్వాన్స్ కట్టేశా.

మొదటి రోజు రెండు పళ్ళు అరగదీశారు. అద్దంలో చూసుకుంటే రెండూ సన్నటి మేకుల్లా మిగిలాయి, నాకు ఏడుపొచ్చేసింది. వారం తిరక్కుండా అందులో ఒకటి రాత్రిళ్ళు నిద్రపోనివ్వకుండా పోటు పెట్టింది, వెళ్లి అడిగితే నరం వాచింది, రూట్ కెనాల్ చెయ్యాలి, దానికి వేరే డబ్బులు అన్నారు. క్యాప్ కోసం పన్ను చుట్టూ అంత మందాన కోస్తే నరానికి దెబ్బ తగలొచ్చని ముందు ఒక్క మాట చెప్పలేదు.

అప్పుడు అఫ్జల్‌గంజ్ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి వెళ్ళా. అక్కడి మేడమ్ ఒక్కో పన్ను మీద గాలి కొట్టి చూసి, ఎక్స్‌రే తీయించి, మిగిలిన రెండింటికీ క్యాపులెందుకమ్మా, గాడిలో ఫిల్లింగ్ పెడితే సరిపోతుంది అన్నారు. ఇంజెక్షన్ లేదు, కొయ్యడం లేదు, జెల్ రాసి కడిగి, కాంపోజిట్ అనే పన్ను రంగు ఫిల్లింగ్ పెట్టి, అది గట్టిపడ్డానికి నీలం లైట్ వేశారు, అరగంటలో అయిపోయింది. అది ఎప్పుడైనా ఊడినా మళ్ళీ పెట్టించుకోవచ్చు, కోసేసిన ఎనామిల్ మాత్రం జన్మలో తిరిగి రాదు.

సగం విరిగిన పన్నుకో, రూట్ కెనాల్ అయిన దవడ పన్నుకో క్యాప్ కావాలి, అది నేను కాదనను. కానీ ఉత్త జివ్వుమనడానికైతే ముందు మెత్తటి బ్రష్, పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివ్ పేస్ట్ వాడి చూడండి, రెండు మూడు వారాలు పడుతుంది, రెండ్రోజుల్లో తగ్గలేదని వదిలెయ్యొద్దు. చాలకపోతే ఫ్లోరైడ్ వార్నిష్, అంటే డాక్టర్ పళ్ళకి రాసే పూత, ఆ తర్వాతే ఫిల్లింగ్. నిద్రలో పళ్ళు కొరికే వాళ్ళైతే రాత్రిళ్ళు పళ్ళకి పెట్టుకునే నైట్ గార్డ్ అనే తొడుగు గురించి కూడా అడగండి. ఏ పన్నుకి ఏం చేస్తారో, ఫిల్లింగ్ ఎందుకు సరిపోదో కాగితం మీద రాసివ్వమనండి, ఎక్స్‌రే కాపీ తీసుకోండి, ఆరోజే డబ్బు కట్టొద్దు.

మొన్న మా చెల్లికి కూడా ఇంకో చోట ఇలాగే ఆరు క్యాపులు రాసిచ్చారు. అడ్వాన్స్ కట్టకముందే నాకు ఫోన్ చేసింది, సోమవారం పొద్దున్నే అఫ్జల్‌గంజ్ తీసుకెళ్తున్నా.