నీస్ చదరాలు: చేత్తోనా, ప్లాటర్‌తోనా?

జర్మన్ కంప్యూటర్ కళాకారుడు గేయోర్గ్ నీస్ 1968 ప్రాంతంలో కంప్యూటర్‌తో గీయించిన ‘షోటర్’ అనే బొమ్మలో అడ్డంగా 12, నిలువుగా 22, మొత్తం 264 చదరాలు. పైన బుద్ధిగా నిలబడి, కిందికి దిగేకొద్దీ చెదిరిపోతాయి.

చేత్తో వేయడానికి ఏ4 కాగితం, సెంటీమీటరు చదరాలు, ఎరుపు, తెలుపు పాచికలు చాలు. ఎరుపులోంచి తెలుపు తీసేసి, వరుస సంఖ్యతో హెచ్చించి, సగం చేస్తే ఎన్ని డిగ్రీలు ఒరగాలో తెలుస్తుంది. 22వ వరుసలో ఎరుపు 6, తెలుపు 1 పడితే 55 డిగ్రీలు. పాచికలు మానేసి తోచినట్టు వేస్తే పక్కపక్క చదరాలు వంతులేసుకున్నట్టు అటొకటి, ఇటొకటి ఒరుగుతాయి. చుక్కల ముగ్గు అలవాటైన చెయ్యి మరి!

ప్లాటర్‌కి, అంటే కంప్యూటర్ చెప్పినట్టు పెన్నుతో గీసే యంత్రానికి, ఆ బాధ లేదు, వేరేవి ఉన్నాయి. చదరాన్ని దాని నడిమి బిందువు చుట్టూ తిప్పకపోతే కాగితం దాటిపోతుంది. డిగ్రీలను ప్రోగ్రాములు కోణాలకు వాడే కొలత రేడియన్లలోకి మార్చడం మరిస్తే మొదటి వరుసే చిందరవందర. కంప్యూటర్ పాచికలు మొదలుపెట్టే అంకె, సీడ్ సంఖ్య, రాసిపెట్టుకోకపోతే అదే బొమ్మ మళ్లీ రాదు. విశాఖలో, అందులోనూ బీచ్ రోడ్డు వైపు, వానాకాలం తేమకు పల్చటి కాగితం ఉబ్బుతుంది. ఉబ్బిన చోట పెన్ను పైకి లేచినా గీత ఈడ్చుకుపోతుంది. మందపాటి (200 జీఎస్ఎం) కాగితం తీసుకుని నాలుగు అంచులా టేపు వేయాలి.

ఒక్క బొమ్మకైతే చెయ్యే మేలు. ఇరవై రకాలు చూసి ఒకటి ఏరుకోవాలంటే ప్లాటరే. కంప్యూటర్ కళలో మరో తొలితరం చిత్రకారిణి వేరా మోల్నార్ మాత్రం 1968లో కంప్యూటర్ అందేదాకా తన నియమాలను చేత్తోనే నడిపించారు.