క్రిస్మస్ ఏల్: మసాలాతోనా, హాప్స్‌తోనా?

అమెరికాలో చలికాలం మొదలవుతుంటే షాపుల్లోకి వచ్చే బీర్లలో గ్రేట్ లేక్స్ క్రిస్మస్ ఏల్, సియెర్రా నెవాడా సెలబ్రేషన్ అనే రెండిటి దారులు పూర్తిగా వేరు. క్లీవ్‌ల్యాండ్‌లోని గ్రేట్ లేక్స్ బీరు కంపెనీ వాళ్ల క్రిస్మస్ ఏల్‌లో తేనె, అల్లం, దాల్చినచెక్క వేస్తారు. కాలిఫోర్నియాలోని చికోలో పుట్టిన సియెర్రా నెవాడా కంపెనీ వాళ్ల సెలబ్రేషన్‌లో మసాలా అసలు ఉండదు. 1981 నుంచి వస్తున్న ఈ బీరుకు ఆ ఏడాది కోసిన కొత్త హాప్స్ పువ్వులే (బీరుకు చేదు, సువాసన ఇచ్చే ఒక తీగ పువ్వులు) ప్రాణం.

గ్రేట్ లేక్స్ గ్లాసులో పోయగానే ముందు ముక్కుకు తగిలేది దాల్చినచెక్క. అల్లం ఘాటు మాత్రం మింగాక గొంతులో తెలుస్తుంది, మన అల్లం టీలో లాగే. తేనె ఉంది కదా అని పాకంలా ఉంటుందనుకోకండి. అందులోని చక్కెరను ఈస్ట్ దాదాపుగా తినేసి ఆల్కహాల్‌గా మార్చేస్తుంది. మొత్తం ఆల్కహాల్ 7.5 శాతం, కాబట్టి నెమ్మదిగా తాగాల్సిన బీరు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే మసాలా వాసన సగం కూడా తెలియదు, కాసేపు బయట ఉంచాలి. అక్కడి కొన్ని బార్లలో గ్లాసు అంచుకు చక్కెర, దాల్చినచెక్క పొడి అద్ది ఇస్తారు. నాకైతే అది బీరును పాడుచేయడమే.

సెలబ్రేషన్ 6.8 శాతం. రంగులో పెద్ద తేడా లేదు, కానీ వాసనంతా పైన్ చెట్టు, నారింజ తొక్క. చేదు గట్టిగానే ఉంటుంది. హాప్స్ వాసన నిలవుంటే తగ్గిపోతుంది కాబట్టి సీసా మీద తేదీ చూసి కొనాలి.

మిరపకాయ బజ్జీలు పక్కన ఉంటే సెలబ్రేషన్ వద్దు, దాని చేదు కారాన్ని ఇంకా పెంచుతుంది. ఉత్తగా తాగడానికైతే నా ఓటు దానికే.