స్కంక్ వాసనకు చేసిన షాంపూ, మా ఇంటి పునుగు కంపు

పశ్చిమ మారేడ్‌పల్లిలోని మా పెరట్లో సపోటాలు పండాయంటే, చీకటి పడ్డాక గోడ మీదుగా పునుగు పిల్లి రావడం మామూలే. మాఘమాసంలో ఒక రాత్రి మా పెంపుడు పిల్లి బూందీ దానికి ఎదురుపడింది. తెల్లవారుజామున బూందీ వంటింట్లోకి వచ్చేసరికి ఇల్లంతా కంపు. తిరుమల స్వామివారికి అద్దే పునుగు తైలం గురించి చిన్నప్పటి నుంచి భక్తిగా విన్నదాన్నే అయినా, బెదిరిన పునుగు పిల్లి తోక కింది గ్రంథుల నుంచి ఏం విడుస్తుందో నాకు అప్పుడే తెలిసింది.

పెంపుడు జంతువుల సామాను అమ్మే ఒక దుకాణంలో అడిగితే, "అమెరికాలో స్కంక్ అనే జంతువు చిమ్మే కంపుకే ఇది వాడతారమ్మా, మన పునుగు పిల్లి దాని ముందు ఎంత" అంటూ 473 మిల్లీలీటర్ల షాంపూ సీసా చేతికిచ్చారు. వెల 1,650 రూపాయలు. సీసా మీద కుక్క బొమ్మా పిల్లి బొమ్మా రెండూ ఉన్నాయి.

వాడే విధానం ప్రకారం నురగను బొచ్చు మీద పది నిమిషాలు ఉంచాలి. ఒళ్లు నాకి శుభ్రం చేసుకునే ప్రాణిని పది నిమిషాలు నాకకుండా ఆపడం ఎవరి వల్ల అవుతుందో తయారీదారులే చెప్పాలి. నేను నాలుగు నిమిషాలు, రెండు గోటి గాట్లు భరించాను. కడిగాక లావెండర్ పరిమళం గుప్పుమంది. మధ్యాహ్నానికి ఆ పరిమళం తగ్గి, దాని అడుగున పునుగు కంపు యథాతథంగా బయటపడింది. అంటే వాసన పోలేదు, దాని మీద ఇంకో వాసన పడిందంతే.

స్కంక్ సంగతి వేరని తర్వాత చదివి తెలుసుకున్నాను. అమెరికా ఖండాలలో బతికే ఆ జంతువు ముందు కాళ్లతో నేలను తట్టి, తోక ఎత్తి హెచ్చరించి, అప్పటికీ ఎదుటి ప్రాణి వెనక్కి తగ్గకపోతే దాదాపు మూడు మీటర్ల దూరం చిమ్మగలదు. అక్కడివారు ఆరుబయట వదిలేసే పిల్లి తిండి కోసం కూడా అది తరచుగా పెరళ్లలోకి వస్తుంది. దాని స్రావంలో కంపుకు మూలం థయోల్స్ అనే గంధక సమ్మేళనాలు. వాటితోపాటు ఉండే థయోఎసిటేట్లు నీరు తగిలినప్పుడు మెల్లగా థయోల్స్‌గా మారతాయి కనుక, స్నానం చేయించిన కొన్నాళ్లకు కూడా తడిసిన బొచ్చు మళ్లీ కంపు కొడుతుంది. టమాటా రసం అక్కడి ఇంటి చిట్కా. అది కూడా మా షాంపూలాగే కప్పిపుచ్చుతుందే తప్ప థయోల్స్‌ను మార్చదు.

వాటిని మార్చే మిశ్రమాన్ని పాల్ క్రేబామ్ అనే రసాయన శాస్త్రవేత్త 1993లో వెలుగులోకి తెచ్చారు: 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దాదాపు 950 మిల్లీలీటర్లు, పావు కప్పు వంటసోడా, ఒక చెంచా ద్రవ సబ్బు. కలిపిన వెంటనే ఆక్సిజన్ విడుదలవుతుంది కాబట్టి దాన్ని అప్పటికప్పుడే వాడాలి. మూత బిగిస్తే సీసా పగులుతుంది. కాబట్టి దుకాణం అరలో నెలల తరబడి నిలవ ఉండే ఏ షాంపూ కూడా ఈ మిశ్రమం కాజాలదు. కొనేముందు ఈ ఒక్క విషయం తెలిసి ఉంటే నాకు 1,650 రూపాయలు మిగిలేవి.

అసలు కోపం వచ్చింది సీసా వెనుక చీమకాళ్లంత అక్షరాలు చదివాక. అందులో టీ ట్రీ నూనె ఉంది. అది పిల్లులకు విషం. పిల్లి బొమ్మ వేసి అమ్మేవారికి ఈ మాత్రం తెలియకపోతే ఎలా? మా పశువైద్యురాలు బూందీని మళ్లీ శుభ్రంగా కడిగించి, తొడ మీది కాటు చూసి రేబిస్ టీకా వేశారు. ఆమె చెప్పినట్టే, మందుల దుకాణంలో దొరికిన 6 శాతం పెరాక్సైడ్‌లో సమానంగా నీళ్లు కలిపి, ముఖానికి, గాయానికి తగలకుండా వెనుక భాగానికి, తోకకు మాత్రమే పై మిశ్రమం రాసి వెంటనే కడిగేశాను. పునుగు స్రావం, స్కంక్ స్రావం ఒకటి కాకపోయినా, ఆ సాయంత్రానికి బూందీని ఒళ్లో కూర్చోబెట్టుకోగలిగాను. దాని నారింజ రంగు తోక చివర మాత్రం కాస్త వెలిసింది.

అయిదింటికి ఒక్క మార్కు ఇస్తున్నాను. మిగిలిన షాంపూతో గుమ్మం ముందరి పట్టా ఉతికాను, దానికి బాగానే పనిచేసింది.