అనంతపురంలో ఓ సహాయ సమాచార కౌంటర్: అడగడం వచ్చు, జాబితానే పాతది

పింఛను, వికలాంగ సర్టిఫికెట్, ఉచిత న్యాయసాయం, ముసలివాళ్ల పోషణ... వీటిలో దేనికి ఏ ఆఫీసుకు పోవాలో చెప్పి పంపే కౌంటర్ ఇది. అర్జీ వీళ్లు తీసుకోరు, మంజూరు వీళ్ల చేతిలో లేదు. ఆ సంగతి తెలియక "పని కాలేదు" అని తిట్టుకుంటూ పోయేవాళ్లు కనబడతారు. ఇట్లాంటి చోట చూడాల్సినవి రెండే: వాళ్లు అడిగే ప్రశ్న, వాళ్ల చేతిలోని ఆఫీసుల, ఫోన్ నంబర్ల జాబితా.

ప్రశ్న విషయంలో వంక పెట్టలేం. "మా నాయనకు పింఛను రాయించల్ల, యాడికి పోవల్ల?" అంటూ ఒకామె వచ్చింది. అరవై దాటిన మనిషే కదా అని నెలకు 4,000 వచ్చే వృద్ధాప్య పింఛనుకు పంపితే ఎవరూ తప్పు పట్టరు. కౌంటర్‌లోని అమ్మాయి మాత్రం రాయడం ఆపి, "నాయన లేచి నడుస్తాడా అక్కా?" అంది. "యాడ నడిచేది! పచ్చవాతం వచ్చినప్పటి నుంచి మంచం మీదనే." అక్కడితో దారి మారింది. పక్షవాతంతో మంచం పట్టినవాళ్లకు నెలకు 15,000 ఉంది. కాకపోతే డాక్టర్ల నిర్ధారణ తప్పనిసరి, అందుకే అర్జీ పెట్టే గ్రామ, వార్డు సచివాలయం కంటే ముందు ఆసుపత్రి కాగితాల సంగతి మాట్లాడింది.

తర్వాత అడిగింది కరెంటు బిల్లు. అర్హత తేల్చే ఆరంచెల పరిశీలనలో దరఖాస్తులు చిక్కుకునే చోటు అదే. వాడకం నెలకు సగటున 300 యూనిట్లు దాటితే అర్హత పోతుంది. వేరేవాళ్ల మీటర్ మన ఆధార్‌కు ముడిపడి ఉంటే మనం వాడని కరెంటు కూడా మన లెక్కలోకే వస్తుంది. ముందు విద్యుత్ ఆఫీసులో ఆ ముడి విప్పించుకోవాలి, ఆ తర్వాతే దరఖాస్తు. భూమి పరిమితి మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు. (మన మెట్ట పదెకరాల్లో ఏం మిగులుతుందో వేరే చెప్పాలా?)

"కొడుకులు కూడు పెట్టడం లేదు" అని వచ్చిన పెద్దాయనను పోలీస్ స్టేషన్‌కు తోలకుండా ఆర్డీవో ఆఫీసుకు పంపారు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం కింద పోషణ ట్రిబ్యునల్ అక్కడే ఉంటుంది, లాయర్ అక్కర్లేదు. పోయేదాకా ఆగలేని పరిస్థితైతే పెద్దల హెల్ప్‌లైన్ 14567 ఉందని చీటీ వెనక రాసిచ్చారు. చిన్న పనే, అయినా చీటీ మీద ఆఫీసు పేరు, తీసుకుపోవాల్సిన కాగితాలు పెద్ద అక్షరాలతో ఉంటే చదువు రానివాళ్లు దారిలో ఎవరికైనా చూపించుకోవచ్చు.

ఇక జాబితా. గోడకు అంటించిన కాగితం అనంతపురం జిల్లా విడిపోకముందుది. 2022 ఏప్రిల్ 4 నుంచి కదిరి, ధర్మవరం, హిందూపురం, పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి, కలెక్టరేట్ పుట్టపర్తిలో. ఆ కాగితం చూసి కదిరి మనిషిని సోమవారం కలెక్టర్‌కు అర్జీ ఇచ్చేందుకు అనంతపురం కలెక్టరేట్‌కు పంపితే బస్సు చార్జీ దండగ, ఒక రోజు కూలీ దండగ. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఎదురుగా ఇంకా పాత సంస్థ ఫోన్ నంబరే ఉంది. 2023లో ఆ సేవ ప్రభుత్వ యంత్రాంగం కిందికి పోయింది. మూడు నెలలకోసారి ఒక్కో నంబరుకూ ఫోన్ చేసి, ఎవరు ఎత్తారో, ఏ తేదీనో పక్కన రాసుకుంటే సరిపోయేది.

ఇంకో లోపం, పంపినవాళ్లు అక్కడికి చేరారో లేదో మళ్లీ కనుక్కోరు. పది రోజుల తర్వాత ఒక్క ఫోన్ చేసినా ఏ ఆఫీసులో ఏ కాగితం కొత్తగా అడుగుతున్నారో వీళ్లకే తెలిసొచ్చేది.

ఐదింటికి మూడు ఇవ్వొచ్చు. ఆ మూడూ అడిగే తీరుకే. పోయేవాళ్లు ఆధార్, రేషన్ కార్డు, ఇటీవలి కరెంటు బిల్లు పట్టుకుపోండి. ఒకటో తేదీన మాత్రం వద్దు. ఆ రోజు సచివాలయం సిబ్బంది ఇంటింటికీ పింఛన్లు పంచుతుంటారు కాబట్టి కౌంటర్‌లో దారి సరిగ్గానే చెప్పినా అక్కడ ఖాళీ కుర్చీలే కనబడతాయి.